అవ్వ గొడ్డలి

ఖాకీ బట్టల్ల మా అవ్వకు ముగ్గురు తెలుసు. పోలీసోడు, బాయి కాడి వాచ్‌మన్, జంగలాతోడు. పోలీసోడు ఏడాదికో రెండేండ్లకో ఓసారి వాడకొచ్చేటోడు. బొగ్గుపెళ్లలు ఏరుకుంటుంటే వాచ్‌మన్ తరిమేటోడు. జంగలాతోడు మాత్రం దినాం మా పొయ్యికి అడ్డముండేటోడు. అందుకే ముగ్గుర్ల వాడంటేనే అవ్వకు ఎక్కువ భయం. ఆ మూడో ఖాకీ బట్టలు 1988ల నేను తొడుక్కున్న. 37 ఏండ్లు తొడుక్కొని 2025ల ఇప్పేసిన. ఇప్పుడు రాస్తున్నది ఆ బట్టల గురించే.

మాది మంథని దిక్కు గోదావరి ఒడ్డున ఒక ఊరు. ఊరి పేరు రాయను. ఇందుల వచ్చే మనుషుల పిల్లలు ఇంకా అక్కడనే బతుకుతున్నరు. మాదిగవాడ దాటితే చేన్లు, చేన్లు దాటితే అడివి. మాకు గుంట భూమి లేదు. బాపు చెప్పులు కుట్టేటోడు, ఊరికి డప్పు కొట్టేటోడు. అవ్వ కైకిలికి పోయేది. కైకిలి దొరకని నాడు కట్టెలకు పోయేది. ఒక మోపు మా పొయ్యికి, ఒక మోపు అమ్మకానికి. ఆమె గొడ్డలి బాపు చేయించి ఇచ్చింది. కమ్మరాయనకు జత చెప్పులు కుట్టిచ్చి, దానికి మారుగ చేయించుకున్నడు. తుమ్మకర్ర కామ ఆయనే చెక్కి ఎక్కించిండు. మా ఇంట్ల ఇనుము అంటే అదొక్కటే.

1973ల నాకు తొమ్మిదేండ్లు. తొలికోడి కూతకు అవ్వ, చిన్నవ్వ, ఇంకిద్దరు వాడకట్టు ఆడోళ్లు అడివికి పోతుంటే నేనూ వెంట పోయిన. వచ్చేటప్పుడు వాగు కాడ గార్డు దొరకవట్టిండు. నాలుగు గొడ్డళ్లు గుంజుకున్నడు. మోపులు కింద పడేయమంటడేమో అనుకున్నం. పడేయమనలే. తన ఇంటి దాక మోయమన్నడు. మైలున్నర మోసిన్రు. ఇంటి ముంగట ఆయన భార్య నిలబడి, అరుగు దాక రావద్దు, దూరంల దించుండ్రి అన్నది. కట్టెలకు అంటు లేదు. కట్టెలు మోసినోళ్లకే ఉన్నది. ఆమె పొయ్యిల మా అవ్వ కట్టెలు మండినయి గని, మా అవ్వ నీడ ఆమె అరుగు మీద పడవద్దు.

గొడ్డలి మల్లా రాలే. అవ్వ వారం దినాలు గార్డు ఇంటి సుట్టు తిరిగింది. "నీ బాంచెన్ అయ్యా, ఒక్కటే మోపు, మల్లా పోను" అని కాళ్లు మొక్కింది. నేను పక్కన నిలబడి చూసిన. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967ల వచ్చిందని, దాంట్ల 20వ సెక్షన్ రిజర్వు అడివిల ఏమేమి చెయ్యొద్దో చెప్తదని అప్పుడు నాకేం తెలుసు. నాకు తెలిసింది ఒక్కటే. మా అవ్వ గొడ్డలి వానింట్ల ఉన్నది.

ఆ వానకాలమే చిన్నవ్వను పాము కరిచింది. ఎండు మొద్దు లేపబోతే రక్తపింజర. దుప్పటి జోలె కట్టి, గడెకు ఏలాడదీసి, బాపు ముంగట, చిన్నాయన ఎనుక పట్టుకొని ఉరికిన్రు. నేను, అవ్వ ఎంబడి ఉరికినం. దవాఖాన తొవ్వల అదే గార్డు సైకిల్ మీద ఎదురైండు. బాపు ఆగిండు. సైకిల్ మీద ఎక్కించుకపొమ్మని అడుగుదామనే ఆగిండు. గార్డు జోలె దిక్కు చూసి అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ చెవుల్ల ఉన్నది.

"గొడ్డలేది?"

ఏమైందని అడగలే. బతికున్నదా అని అడగలే. చిన్నవ్వ వాగు దాటకముందే పోయింది.

1975ల బాపుకు బాయిల పని దొరికింది. కోల్ ఫిల్లర్. మేం గోదావరిఖనికి వచ్చినం. తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపుడు. నేను చూసిన కాడికి ఆ పనిల మనోళ్లే ఎక్కువ. మా పొయ్యి కట్టెల నుంచి బొగ్గుకు మారింది. పొద్దుగూకితే వాడంతా పొగ. అయినా అవ్వ ఆ పొగను చూసి, "ఎవ్వని కాళ్లు మొక్కకుంట పొయ్యి మండుతుంది కొడుకా" అని మురిసేది.

బాపు చదువుకోలేదు గని, బాయి ఆయనకు ఒక చదువు చెప్పింది. ఒక రాత్రి నాకు చెప్పిండు. "బాయిల దిగేటోడు లాంప్ రూంల లైట్ తీస్కోవాలె, ఎక్కినంక తిరిగి ఇయ్యాలె. కప్పు కూలితే సర్దారు మొదలు అడిగేది ఎంత బొగ్గు పోయిందని కాదురా. లోపట ఎంతమంది ఉన్నరని. తిరిగి రాని లైట్లు లెక్కపెడితే తెలిసిపోతది." ఆ మాటకు విలువెంతో నాకు చాన ఏండ్ల తర్వాతగని తెలువలే.

డిగ్రీ రెండోసారి తప్పినంక ఫారెస్ట్ గార్డు ఉద్యోగం వచ్చింది. ఎస్సీ రిజర్వేషన్ల వచ్చింది, దాచిపెట్టుకునేటందుకు ఏం లేదు. యూనిఫాం తొడుక్కొని ఇంటికొచ్చిన నాడు బాపు సంబురపడ్డడు. అవ్వ దర్వాజ కాడనే ఆపింది.

"ఆ అంగి ఇప్పి లోపటికి రా."

నవ్వుతున్నదేమో అనుకున్న. నవ్వలే. అంగి ఇప్పి బనీను మీద కూసుండి బువ్వ తిన్న. తింటుంటే మెల్లగ అడిగింది. "ఎవల గొడ్డలి గుంజుకుంటవురా?"

పెద్ద పెద్ద స్మగ్లర్లను పట్టుకుంటనవ్వా, టేకు లారీలను ఆపుతనవ్వా అన్న. నిజంగనే అనుకున్న.

గోదావరి అవుతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లాల ఒక బీట్ ఇచ్చిన్రు. చేతిల తుపాకి లేదు. ఒక కట్టె, ఒక డైరీ, కొన్ని పీఓఆర్ కాయితాలు. నేరం జరిగిందని మొదలు రాసే కాయితాన్ని మేం పీఓఆర్ అంటం. టేకు లారీ రాత్రి పోతది, వెనుక పది మంది ఉంటరు, ముంగట పెద్దోళ్ల పేరు ఉంటది. కట్టెల మోపు పొద్దుగాల వస్తది, దాని కింద ఒక ఆడమనిషి ఉంటది. నెలకు ఇన్ని కేసులు చూపియ్యాలె అని మీది నుంచి మాట వస్తది. ఆ లెక్క లారీలతోటి నిండదు, మోపులతోటి నిండుతది. నేనూ అట్లనే నింపిన. చుట్టుపక్కల మాదిగవాడలల్ల "మనోడే జంగలాత్ల వచ్చిండు" అని ముందుగల సంతోషపడ్డరు. ఆరు నెలలు తిరగకముందే ఆ మాట బందయింది.

2001 ఏప్రిల్. ఇప్పపూల కాలం. వారం కిందట ఒకటే నాడు ఏడు గొడ్డళ్లు గుంజుకున్న. మంచి పని చేసినవని మెచ్చుకున్నరు కూడ. ఆనాడు పొద్దెక్కినంక నేను గుట్ట ఎనుక నుంచి బండి మీద వస్తున్న. తుప్పలల్ల నుంచి నలుగురు మొగోళ్లు, ఇద్దరు ఆడోళ్లు ఒక జోలె మోసుకొని బయటికొచ్చిన్రు. నన్ను చూసి నిలబడ్డరు. పారిపోదామని చూసి, జోలెతోటి పారిపోలేక నిలబడ్డరు.

నా నోట్ల నుంచి వచ్చిన మాట ఇది. "గొడ్డళ్లేవిరా?"

అన్నంక నాకు వినవడ్డది. మా చిన్నవ్వ జోలె కండ్ల ముంగటికొచ్చింది.

ముసలామె ఒకామె నా మీదికి వచ్చింది. "గొడ్డలి ఉంటే వానికి గీ గతెందుకైతుండె కొడుకా? మొన్న నువ్వే గుంజుకపోతివి గదా. ఉత్త చేతులతోటి పూలేరవోతే గుడ్డేలుగు మీదపడ్డది. సక్కటి తొవ్వల వస్తే నువ్వు ఎదురైతవని గుట్ట సుట్టు తిరిగొచ్చినం. జామైంది, నెత్తురు ఆగుతలేదు."

జోలెల ఉన్నాయన మొఖం సగం లేదు.

ఖాకీ అంగి ఇప్పి ఆయన తలకు కట్టిన. నడిమిట్ల ఆయనను, ఎనుక ఒక పిలగాన్ని కూసుండబెట్టుకొని బండి కొట్టిన. 108 బండ్లు మన రాష్ట్రంలకు వచ్చింది 2005ల. అప్పుడు ఏ బండీ లేదు, ఫోనూ లేదు. ఆయన బతికిండు. ఒక కన్ను పోయింది.

ఆ రాత్రి బీట్ డైరీ ముంగటేసుకొని కూసున్న. నేరానికి గడి ఉన్నది, జప్తుకు గడి ఉన్నది, జరిమానాకు గడి ఉన్నది. ఆ జోలెను రాసేటందుకు గడి లేదు. "బీట్ తిరిగిన. నేరాలు లేవు" అని రాసిన. ఉద్యోగంల నేను రాసిన అబద్ధాలల్ల అది పెద్దది. నేరం ఉన్నది. చేసినోడు నేను.

బాపు చెప్పిన లైట్ల లెక్క అప్పుడు అర్థమైంది. బాయిల దిగుడు పని. అందుకే దిగినోడికి లెక్క ఉన్నది. గనుల్ల ఆపద వస్తే కాపాడేటందుకు 1985ల రెస్క్యూ నిబంధనలు వచ్చినయి, రామగుండంల రెస్క్యూ స్టేషన్ ఉన్నది, శిక్షణ అయిన మనుషులు ఉన్నరు. అవన్నీ ఉన్నా సావులు ఆగలే. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలకు నీళ్లు సొచ్చి 17 మంది పోయిన్రు. అదే ఏడు అక్టోబర్‌ల 8ఏ గనిల కప్పు కూలి 10 మంది పోయిన్రు. నీళ్లు సొచ్చిన బాయి కాడ జనంల నేనూ నిలబడ్డ. ఏడుపు ఉన్నది, కోపం ఉన్నది. లోపట ఎవరెవరున్నరో పేర్లతోటి లెక్క కూడ ఉన్నది.

అడివికి ఆ లెక్క లేదు. ఎందుకంటే మావోళ్లకు అడివిలకు పోవుడే నేరం. నేరం చేస్తున్నోడు చెప్పి పోడు. చెప్పి పోనోడు తిరిగి రాకపోతే ఎవరికి తెలుస్తది? తెలిసినా ఎవరిని పిలుస్తరు? పిలవాల్సిన మనిషే పట్టుకునే మనిషి. ఒక్క ఖాకీ అంగిలనే చట్టమూ ఉన్నది, సాయమూ ఉన్నది అంటరు. ఉన్నదేమో గని, మా వాడలకు చట్టం ముందుగల ఉరికొచ్చింది. సాయం నడుసుకుంట వస్తున్నది, ఇంక చేరలే.

అమెరికాల నేషనల్ పార్కుల రేంజర్ల గురించి ఒకసారి శిక్షణల చెప్పిన్రు. వాళ్లు అరెస్టూ చేస్తరు, కొండల్ల తప్పిపోయినోళ్లను వెతికి మోసుకొస్తరు కూడ. అప్పటి నుంచి వాళ్ల గురించి దొరికింది చదివిన. అక్కడ పార్కుల శాఖ పుట్టింది 1916ల. అంతకుముందు సైన్యం కాపలా కాసింది. అందుల నల్లవాళ్ల దళాలు ఉన్నయి. 1903ల సెకోయా పార్కుకు అధికారిగా పనిచేసిన కెప్టెన్ చార్లెస్ యంగ్ 1864ల కెంటకీ రాష్ట్రంల బానిస తల్లిదండ్రులకు బానిసగ పుట్టినోడు. ఆయన దళం తొవ్వలేసింది, వేటగాళ్లను ఆపింది. ఆ ముక్క చదివిన నాడు ఛాతీ ఉబ్బింది. తర్వాత ఇంకో ముక్క చదివిన. పక్కనున్న యోసెమిటీ లోయ నుంచి అక్కడి ఆదివాసులను 1851ల తుపాకులతోటి తరిమిన్రట. ఒకల ఇల్లు గుంజుకొని పార్కు చేసి, దానికి ఇంకొక అణగినోన్ని కాపలా పెట్టుడు. ఆ కాపలా మనిషి లోపట ఏమనుకున్నడో అడగాలనిపించింది. నాకు తెలిసినట్టే అనిపించింది.

మాకు చట్టాలు రాలేదా అంటే వచ్చినయి. 2006ల అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆదివాసులకు అది అందాల్సిందే. నేనెప్పుడూ కాదనలే. కాని గిరిజనులు కానోళ్లు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు, అక్కడనే ఉన్నట్టు చూపియ్యాలె. ఊరి రికార్డుల పేరే లేని మాదిగోడు 75 ఏండ్ల సాక్ష్యం ఏడికెల్లి తెస్తడు? మా తాత ఊరికి ఎట్టి చేసిండు. ఎట్టికి రశీదు ఇయ్యరు.

2012ల కవ్వాల్ పులుల అభయారణ్యం అయింది. మహారాష్ట్ర తాడోబా నుంచి ప్రాణహిత దాటి పులులు రావట్టినయి. పులి రావాలె, అడివి బతకాలె. నా జీవితమంత దానికే పెట్టిన. 2020 నవంబర్‌ల ఆసిఫాబాద్ జిల్లాల నెల తిరగకముందే ఒక పిలగాన్ని, ఒక పిల్లను పులి చంపింది. ఆ రోజుల్ల అడివి పక్క ఊర్లన్నిట్ల పత్తి ఏరేటోళ్లకు జాగ్రత్తలు చెప్పాలె. గుంపుగ పోవాలె, చీకటి పడకముందే రావాలె. మేం పోయిన ఒక ఊర్ల పెద్దమనిషి అన్నడు, "మాదిగోన్ని పిలుస్త, డప్పు చాటిస్తడు" అని. నేను మాదిగోన్నని ఆయనకు తెలువదు. నడీడు దాటిన మనిషి డప్పు పట్టుకొని వచ్చిండు. ఆయన చేతిల నుంచి తీస్కొని నేనే కొట్టిన. బాపు నేర్పింది చేతులు మర్సిపోలే. పెద్దమనిషి మొఖం మారింది. మారనియ్యి. ఆపద చెప్పేటందుకు మా డప్పు కావాలె, ఆపదల మాత్రం మేం ఎవ్వరికీ అక్కరలేదు.

ఎండకాలం మంటల సంగతీ అంతే. ఇప్పచెట్ల కింద ఆకు కాలవెడితే గాలికి గుట్ట అంటుకుంటది. వాకిట్ల మంట చూసినట్టు చూసుకుంట కూసుండరు ఊరోళ్లు. పచ్చి కొమ్మలు ఇరుసుకొని వాళ్లే కొట్టి ఆర్పుతరు. కాళ్లు కాలినోళ్లను, పొగకు కండ్లు పోయినంత పనైనోళ్లను చూసిన. మార్చిల మంటలార్పింది ఎవలో, జూన్‌ల కేసయ్యేది వాళ్ల మీదనే. ఆ పేర్లు నా చేతితోటే రెండు రిజిస్టర్లల్ల రాసిన.

మా బట్టలు తొడుక్కున్నోళ్ల బాధ లేదని కాదు. 2019 జూన్ 30న సార్సాల కాడ మొక్కలు పెట్టవోయిన రేంజి అధికారి అనితను కట్టెలతోటి కొట్టిన్రు. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు అడివిల రేంజి అధికారి శ్రీనివాసరావును చంపిన్రు. ఆ రాత్రి నేను నిద్రపోలే. ఏటా సెప్టెంబర్ 11న అమరులకు దండం పెడతం. ఆ రోజు రాజస్థాన్ ఖేజర్లీ కోసం పెట్టింది. 1730ల రాజు మనుషులు చెట్లు నరకవస్తే చెట్లను పట్టుకొని 363 మంది ఊరోళ్లు చచ్చిపోయిన్రు. వరుసల నిలబడి ప్రతిసారి అదే అనుకునేటోన్ని. ఆనాడు గొడ్డలి రాజు చేతిల ఉండె, అడివి ఊరోళ్ల చేతిల ఉండె.

ఏలుగు కరిచినాయన దవాఖాన నుంచి వచ్చినంక, స్టోర్ల నుంచి ఆయన గొడ్డలి తీస్కపోయి ఇచ్చిన. రికార్డుల ఏడు ఉంటే రూంల ఆరు అయినయి. మెమో వచ్చింది. ఆయన నన్ను తిట్టలే, దండం పెట్టలే. ఉన్న కంటితోటి చూసి, బొటనవేలు అంచు మీద ఆనిచ్చి, "తుప్పు వట్టింది" అన్నడు. అంతే.

ఆ తర్వాత గొడ్డళ్లు గుంజుకునుడు మానేసిన అని రాస్తే అబద్ధమైతది. పచ్చిచెట్టు నరికితే గుంజుకున్న. ఎండుకట్టెల మోపును మాత్రం మల్లా ఆపలే. అడివిల మనిషి ఎదురైతే మొదలు "అందరు మంచిగున్నరా, ఇంకెవలన్న లోపట ఉన్నరా" అని అడుగుడు నేర్సుకున్న. నా కింద పనిచేసిన పిలగాండ్లకు కూడ అదే చెప్పిన. కొందరు నేర్సుకున్నరు. కొందరు నవ్విన్రు.

అవ్వ 2009ల పోయింది. ఆఖరు నాలుగు దినాలు దవాఖానల ఉండె. మనుషులను గుర్తుపడుతలేదని చెల్లె ఫోన్ చేస్తే, డ్యూటీ మీద నుంచి ఉన్నది ఉన్నట్టు వచ్చిన. బట్టలు మార్చుకోవాలన్న సోయి లేకుండె. మంచం కాడ నిలబడి "అవ్వా" అన్న. కండ్లు తెరిచింది. నా మొఖం చూడలే. అంగి చూసింది. రెండు చేతులు దగ్గరికి తెచ్చింది.

"నీ బాంచెన్ అయ్యా. ఒక్కటే మోపు."

నేను ఆ అంగి అక్కడనే ఇప్పేసిన. బనీను మీద కూసుండి ఆమె చేతులు పట్టుకున్న. తెల్లారేదాక పట్టుకున్న. నేను ఆమె కొడుకునని మల్లా ఆమెకు యాదికి రాలే.